రైఫిల్ ఎవరి చేతికిచ్చారు?

మేముండేది అమెరికాలోని ఒరెగాన్‌లో, పోర్ట్‌లాండ్‌కి పడమటి పక్క. మా పెద్దవాడు హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆడతాడు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం చిన్నప్పుడు కాళ్ళతో తన్నిన ఆట కాదు. హెల్మెట్ పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు తగిలించుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే ఆట. వాడు చేరతానన్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. మోకాళ్ళు పోతాయని వాళ్ళ నాన్న, తలకి దెబ్బ తగులుతుందని నేను. చివరికి వాడి మాటే నెగ్గింది. ఇప్పుడు సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ప్రతి శుక్రవారం రాత్రీ వానలో అల్యూమినియం బల్లల మీద కూర్చుంటాను. కింద పడ్డ పిల్లాడు లేవడానికి ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, వాడు మావాడు కాకపోయినా నాకు ఊపిరి ఆడదు.

ఈ కథ మొదటిసారి విన్నది ఆ బల్లల మీదే. మనవడి ఆట చూడ్డానికి వచ్చే ఒక పెద్దాయన హాఫ్‌టైమ్‌లో చెప్పాడు. మా రాష్ట్ర రాజధాని సేలంలోని విల్లమెట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 1941లో మ్యాచ్ ఆడటానికి హవాయి వెళ్ళింది. మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున్నే అక్కడి పెర్ల్ హార్బర్ నౌకాస్థావరం మీద జపాన్ బాంబులు వేసింది. ఆటగాళ్ళ చేతికి తుపాకులిచ్చి కాపలా పెట్టారు. గాయపడ్డవాళ్ళకి సేవ చేస్తూ ఓడలో క్రిస్మస్ నాటికి తిరిగొచ్చారు. ఒక్క రాత్రిలో కుర్రాళ్ళు మగాళ్ళయిపోయారని చెప్పి ఆగాడాయన. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ గొంతు పట్టేసింది.

ఇంటికొస్తూ కారులో మావాడికి చెప్పాను. వాడు తడి జెర్సీ కూడా విప్పకుండా వెనక సీట్లో పడుకుని ఉన్నాడు.

"వాళ్ళకి గన్ కాల్చడం వచ్చామ్మా?" అన్నాడు.

"కొంతమందికి రాదటరా."

"మరి వాళ్ళకెలా ఇచ్చేశారు?"

జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చాలా రోజులు దాని గురించి చదువుతూనే ఉన్నాను. చదివేకొద్దీ ఒక విషయం గట్టిగా అనిపించింది. పెద్దాయన చెప్పిన కథలో అబద్ధం ఏమీ లేదు, కానీ అది సగం కథ. మిగతా సగం హవాయిలో అదే ఊళ్ళో, హోనొలులూలో, రెండు మైళ్ళ లోపే, అదే వయసు కుర్రాళ్ళకి జరిగింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చెప్పకపోతే ఈ కుర్రాళ్ళకీ అన్యాయమే, ఆ కుర్రాళ్ళకీ అన్యాయమే అని నా వాదన.

ముందు జట్టు సంగతి. విల్లమెట్ చిన్న కాలేజీ. 1842లో మెథడిస్టు మిషనరీలు మొదలుపెట్టారు. ఒరెగాన్ శాసనసభ భవనం వెనక రోడ్డు దాటితే ఆ క్యాంపస్. జట్టు పేరు బేర్‌క్యాట్స్. కోచ్ రాయ్ కీన్, అందరూ 'స్పెక్' అని పిలిచేవాళ్ళు. 1926 నుంచీ ఆయనే కోచ్. ఫుట్‌బాలే కాదు, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్ జట్లని కూడా ఆయనే చూసుకునేవాడు. చిన్న కాలేజీల్లో అంతే, ఉన్న ఒక్క మనిషి అన్నీ చేస్తాడు. ఆటగాళ్ళదీ అదే పరిస్థితి. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ముందుకు తీసుకెళ్ళేదీ, అవతలివాళ్ళ చేతికొస్తే అడ్డుకునేదీ చాలావరకు ఆ 11 మందే.

1941 సీజన్ వాళ్ళకి బాగా కలిసొచ్చింది. చుట్టుపక్కల చిన్న కాలేజీలన్నీ ఆడే నార్త్‌వెస్ట్ కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచారు. ఆ సంతోషం మీద హవాయి ప్రయాణం. నవంబర్ 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో లర్లీన్ అనే ఓడ ఎక్కారు. ఆటగాళ్ళు 27 మంది, కోచ్, వాళ్ళతోపాటు ఆట చూడ్డానికి బయల్దేరిన ఊరివాళ్ళు కొందరు. అందులో డగ్లస్ మెకే అనే రాష్ట్ర సెనేటర్ కూడా ఉన్నాడు. తర్వాత రోజుల్లో ఆయన ఒరెగాన్ గవర్నరయ్యాడు, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ మంత్రివర్గంలో పనిచేశాడు. కాలిఫోర్నియా నుంచి శాన్ హోసే స్టేట్ కాలేజీ జట్టు కూడా అదే ఓడలో ఉంది. నవంబర్ వానలు, పొగమంచు తప్ప తెలియని సేలం పిల్లలకి వైకికీ బీచ్‌లో, మొవానా హోటల్లో బస. ఆ నాలుగు రోజులు వాళ్ళెంత సంబరపడి ఉంటారో ఊహించుకోగలను. మావాడి జట్టు పక్క రాష్ట్రానికి బస్సులో వెళ్ళినప్పుడే ఇంట్లో పండగ చేసినట్టుంది.

డిసెంబర్ 6, శనివారం మధ్యాహ్నం హోనొలులూ స్టేడియంలో యూనివర్సిటీ ఆఫ్ హవాయితో మ్యాచ్. ఆ స్టేడియం మొత్తం చెక్కతో కట్టింది. చెదలు పట్టి ఉండేదని ఊరివాళ్ళు దాన్ని 'టెర్మైట్ ప్యాలెస్' అనేవాళ్ళు, అంటే చెదల మహల్. పిల్లల ఆసుపత్రికి విరాళం కోసం ష్రైనర్లు అనే సేవాసంఘం వాళ్ళు పెట్టిన ఆట. 20 వేలమందికి పైగా జనం. హవాయి 20, విల్లమెట్ 6. ఓడిపోయారు. ఇంకో పది రోజులు దీవిలోనే ఉంటారు, శాన్ హోసేతో ఇంకో మ్యాచ్ ఉంది, దిగులు పడాల్సిన పనేం లేదు.

ఆ స్టేడియం ఉన్న పేట పేరు మోయిలీలీ. జపాన్ నుంచి చెరకు తోటల్లో కూలీకి వచ్చినవాళ్ళ పిల్లలు, మనవలు ఎక్కువగా ఉండే పేట అది. అప్పట్లో హవాయి జనాభాలో మూడో వంతుకి పైగా జపాన్ మూలాలవాళ్ళే. అమెరికాలో పుట్టిన వాళ్ళ పిల్లల్ని 'నిసే' అనేవారు, రెండో తరం అని అర్థం. ఆ పేటని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అక్కడికి వస్తాను.

ఆదివారం పొద్దున జట్టుకి బస్సులో దీవి చూపిస్తామన్నారు. అందరూ తయారై హోటల్ దగ్గర ఉన్నారు. 7 గంటల 55 నిమిషాలకి మొదటి బాంబులు పడ్డాయి. వైకికీ నుంచి చూస్తే పడమటి పక్క నల్లటి పొగ. సముద్రంలో నీళ్ళు పైకి ఎగజిమ్మాయి. సైన్యం ప్రాక్టీసు చేస్తోందని చాలామంది అనుకున్నారు. కాదని రేడియో చెప్పింది. ఆ రోజు చనిపోయినవాళ్ళు 2,403 మంది, అందులో 68 మంది మామూలు జనం. ఊళ్ళో పేలినవి ఎక్కువగా జపాన్ బాంబులు కూడా కావు. విమానాల మీదికి అమెరికన్ ఫిరంగులు వదిలిన గుళ్ళే గురి తప్పి ఇళ్ళ మీద పడ్డాయి. స్టేడియానికి దగ్గర్లో కింగ్, మెక్‌కల్లీ వీధులు కలిసేచోట ఇళ్ళూ, దుకాణాలూ అలాగే తగలబడ్డాయి. అవి ఎక్కువగా జపనీస్ కుటుంబాలవే. నిన్న ఇదే పక్కన ఆట చూసి చప్పట్లు కొట్టి ఉంటారు వాళ్ళలో కొందరు.

సాయంత్రానికి సైనిక పాలన వచ్చింది. రాత్రి ఎక్కడా దీపం వెలగకూడదు. జపాన్ సైన్యం ఏ క్షణంలోనైనా ఒడ్డుకి దిగుతుందని అందరూ నమ్మారు. కీన్ తన జట్టుని సైన్యం పనికి ఒప్పజెప్పాడు. మొదట వైకికీ ఒడ్డున ముళ్ళ కంచె వేశారు. తర్వాత పునహౌ స్కూలుకి పంపారు. 1841లో మిషనరీల పిల్లల కోసం పెట్టిన బడి అది. ఒబామా చదివింది అక్కడే అంటే మనవాళ్ళకి తొందరగా తెలుస్తుంది. ఆర్మీ ఇంజనీర్లు రాత్రికి రాత్రి ఆ బడిని స్వాధీనం చేసుకుని మందుగుండు, సామాను తెచ్చిపెట్టారు. దానికి కాపలా మన ఫుట్‌బాల్ జట్టు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్ళు, ఇనుప టోపీలు ఇచ్చారు. కొందరు అంతకుముందు రైఫిల్ పట్టుకుని ఎరగరు. చీకట్లో ఆకు కదిలితే కాల్చేవాళ్ళు. అలా పది రోజులు గడిపారు.

ఇక్కడే మావాడి ప్రశ్న నన్ను పట్టుకుంది. 1940లో చేసిన చట్టం ప్రకారం సైన్యంలోకి పిలవడానికి కనీస వయసు 21. కాలేజీ జట్టులో ఆడే కుర్రాళ్ళలో చాలామందికి ఇంకా అంత వయసు రాదు. చట్టం ఇంకా పిలవని పిల్లలు, ఆ ఊరు తెలియదు, శిక్షణ లేదు, ఒక్క కవాతు కూడా చేసి ఎరగరు. అయినా ఎవరూ వాళ్ళ కాగితాలు అడగలేదు. మీరెవరు, మీ తాత ఏ దేశంవాడు, మిమ్మల్ని నమ్మొచ్చా అని ఎవరికీ అనుమానం రాలేదు. మొహం చూసి రైఫిల్ ఇచ్చారు.

ఇప్పుడు రెండో సగం. విల్లమెట్‌ని ఓడించిన కాలేజీ సంగతి.

యూనివర్సిటీ ఆఫ్ హవాయి విద్యార్థుల్లో వందలమంది ఆర్వోటీసీలో ఉన్నారు. మన ఎన్‌సీసీ లాంటిదే, ఇంకాస్త గట్టిది. వాళ్ళలో నిసేలే ఎక్కువ. ఆ ఆదివారం పొద్దున బాంబులు ఇంకా పడుతుండగానే రేడియోలో పిలుపు విని క్యాంపస్‌కి పరిగెత్తారు. సెయింట్ లూయిస్ హైట్స్ కొండ మీద పారాచూట్లతో శత్రువులు దిగారని పుకారు. చేతికి రైఫిలిచ్చి అక్కడికి పంపారు. వాళ్ళకి తుపాకీ విప్పి బిగించడం తెలుసు. అది వాళ్ళ ఊరు, ఆ కొండ వాళ్ళ ఊరి కొండ, కింద కాలుతున్నది వాళ్ళ పేట. శత్రువులెవరూ దిగలేదు. ఆ రోజే వాళ్ళందర్నీ కలిపి హవాయి టెరిటోరియల్ గార్డ్ అనే దళం చేశారు. నీళ్ళ ట్యాంకులు, కరెంటు కేంద్రాలు, వంతెనల దగ్గర ఆరు వారాలు రాత్రీ పగలూ కాపలా కాశారు.

1942 జనవరిలో ఒక తెల్లవారుజామున వాళ్ళని నిద్రలేపి వరసలో నిలబెట్టారు. దళాన్ని రద్దు చేసి మళ్ళీ కొత్తగా కడుతున్నామని, జపాన్ మూలాలున్నవాళ్ళకి అందులో చోటు లేదని చెప్పారు. 300 మందికి పైగా కుర్రాళ్ళు రైఫిళ్ళు అప్పజెప్పి ఇళ్ళకి పోయారు. వాళ్ళు చేసిన తప్పేమిటని అడిగితే చూపించడానికి ఒక్కటీ లేదు. పుస్తకాల్లో ఈ భాగానికి వచ్చినప్పుడు నేను చదవడం ఆపేసి కాసేపు బయటికెళ్ళి నడిచొచ్చాను. ఆ కుర్రాళ్ళు ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పి ఉంటారు?

ఆ తర్వాత ఆ పిల్లలు చేసిన పని నాకు పునహౌ కాపలా కంటే పెద్దది. వైఎంసీఏలో పనిచేసే హంగ్ వై చింగ్ అనే చైనా మూలాలున్న ఆయన వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడాడు. తుపాకీ ఇవ్వకపోతే పార ఇమ్మని అడగండి అన్నది ఆయన మాటల సారం. 169 మంది సంతకాలు పెట్టి సైనిక గవర్నర్ జనరల్ ఎమన్స్‌కి అర్జీ ఇచ్చారు, ఏ పని చెప్పినా చేస్తామని. ఫిబ్రవరిలో వాళ్ళని కూలీ దళంగా తీసుకున్నారు. వర్సిటీ విక్టరీ వాలంటీర్స్ అని పేరు. స్కోఫీల్డ్ బరాక్స్‌లో దాదాపు ఏడాది పాటు రాళ్ళు కొట్టారు, రోడ్లు వేశారు, కంచెలు కట్టారు. చదువు మానుకుని, నెలకి కూలి డబ్బులు తీసుకుని. ఆ దేశపు పౌరులే అయినా డ్రాఫ్టు (సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే పద్ధతి) కాగితాల్లో వాళ్ళ వర్గం 4-సి అని మార్చారు, శత్రు దేశస్తులకి వేసే ముద్ర అది.

1943లో ప్రభుత్వం మనసు మార్చుకుంది. నిసేలతో ఒక ప్రత్యేక దళం కడతాం, హవాయి నుంచి 1,500 మంది కావాలంది. దాదాపు 10 వేలమంది ముందుకొచ్చారు. వాలంటీర్స్‌లో చాలామంది చేరింది అందులోనే. అదే 442వ రెజిమెంటల్ కంబాట్ టీమ్. ఇటలీలో, ఫ్రాన్స్‌లో పోరాడింది. దాని సైజుకీ, పనిచేసిన కాలానికీ అమెరికా సైన్య చరిత్రలో అన్ని పతకాలు ఇంకే దళానికీ రాలేదు. పతకాలంటే ఎన్ని శవాలో కూడా ఆలోచించాలి. డేనియల్ ఇనౌయే అందులోనే చేయి పోగొట్టుకున్నాడు, 1945లో ఇటలీలో. పెర్ల్ హార్బర్ రోజున ఆయనకి 17 ఏళ్ళు, హైస్కూల్ పిల్లాడు. ఫుట్‌బాల్ జట్టు హోటల్ దగ్గర పొగ చూస్తున్న అదే పొద్దున ఆయన రెడ్‌క్రాస్ వాలంటీరుగా గాయపడ్డవాళ్ళకి కట్లు కడుతున్నాడు. తర్వాత దాదాపు 50 ఏళ్ళు అమెరికా సెనేట్‌లో ఉన్నాడు.

ఈ రెండు కథలూ ఒకే స్టేడియంలో మొదలయ్యాయి. ఒకటి బల్లల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకుంటున్నాం. రెండోది తెలిసినవాళ్ళే తక్కువ. మొదటి కథకి కావాల్సినవన్నీ ఉన్నాయి కాబట్టి అది అందరికీ నచ్చుతుంది. ఆట ఉంది, ఓడ ఉంది, బాంబులున్నాయి, క్రిస్మస్ ఉంది. ఫుట్‌బాల్ పిల్లల్ని యుద్ధానికి తయారుచేస్తుందని చెప్పడానికి పనికొస్తుంది. నాకు ఆ మాటంటేనే భయం. ఆట యుద్ధానికి రిహార్సల్ అని నమ్మితే, మావాడు ఆ గడ్డిలో నేర్చుకుంటున్నది ఏమిటి మరి? పునహౌలో చీకటికి కాల్చినవాళ్ళు టాకిల్ చెయ్యడం, అంటే మనిషి మీద పడి కింద పడెయ్యడం, వచ్చు కాబట్టి ధైర్యంగా నిలబడ్డారని ఎవరైనా అంటే నేనొప్పుకోను. ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియక, పెద్దవాళ్ళు చెప్పింది చేశారు. 19 ఏళ్ళ పిల్లలు చేసేది అదే.

ఈ వాదనకి ఒక ఎదురు మాట ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. అది మొదటి వారం కంగారు అంటారు. తలమీద బాంబులు పడుతుంటే ఎవరు ఎవరిని నమ్ముతారు, ఇప్పుడు తీరిగ్గా కూర్చుని తప్పుపట్టడం సులువు అంటారు. మా అమ్మమ్మ బతికుంటే ఆవిడా అదే అనేదేమో.

మాది విశాఖపట్నం. ఆ యుద్ధం మా ఊరికీ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. పెర్ల్ హార్బర్ మీద దాడి చేసిన ఆరు నౌకల్లో అయిదు అదే వారంలో సిలోన్ మీద దాడి చేస్తున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని వాల్తేరు నుంచి గుంటూరుకి తరలించారు. అమ్మమ్మకి అప్పుడు పధ్నాలుగేళ్ళు. బాంబులప్పుడు అని మొదలుపెట్టి చెప్పేది. మండువా ఇంటికి తాళం వేసి, బిందెలూ బియ్యం మూటలూ బండికెత్తుకుని, ఊరు ఊరంతా విజయనగరం దారి పట్టిందట. ఆ దారిలో రంగూన్ నుంచి అడవుల్లో పడి నడిచొచ్చిన కాందిశీకుల కుటుంబం ఒకటి వీళ్ళతో కలిసింది. మన తెలుగువాళ్ళే. కానీ పిల్లలు బర్మా మాటలు మాట్లాడుతున్నారని, తల్లి లుంగీలాంటిది కట్టిందని, వాళ్ళు జపానోళ్ళ గూఢచారులేమోనని బళ్ళవాళ్ళెవరూ ఎక్కించుకోలేదట. అమ్మమ్మ వాళ్ళ నాన్న కూడా ఎక్కించుకోలేదు. చిన్నపిల్ల ఒకతి బండి వెనక చాలా దూరం నడిచొచ్చిందని చెప్పి అమ్మమ్మ అక్కడ ఆగిపోయేది, ఎప్పుడు చెప్పినా. భయమేసిందే, ఏం చేస్తాం అనేది. కానీ డెబ్బై ఏళ్ళ తర్వాత కూడా ఆ పిల్లని మర్చిపోలేదు.

కాబట్టి భయం అబద్ధమని నేననను. భయం అందరికీ ఒకేలా వేసింది. అనుమానం మాత్రం కొందరి మీదికే వెళ్ళింది. హవాయిలో గార్డు నుంచి నిసేలని తీసేసింది మొదటి వారం కంగారులో కాదు, ఆరు వారాలు వాళ్ళ కాపలా చూశాక. ఆ దీవుల్లోని జపాన్ మూలాలవాళ్ళలో ఒక్కరికి కూడా గూఢచర్యం కేసులోగానీ విద్రోహం కేసులోగానీ కోర్టులో శిక్ష పడలేదు. అంతకంటే పెద్ద ఆధారం ఇంకోటుంది. అక్కడ జనాభాలో మూడో వంతుని ఖైదు చేస్తే చెరకు తోటలు, రేవు పనులు ఆగిపోతాయి కాబట్టి హవాయిలో అందర్నీ పట్టుకుపోలేదు. వాళ్ళ సంఖ్య తక్కువగా ఉన్న పశ్చిమ తీరంలో, అప్పటికి ఒక్క బాంబూ పడని చోట, దాదాపు 1,20,000 మందిని కుటుంబాలతో సహా క్యాంపుల్లో పెట్టారు. యుద్ధానికి దగ్గరగా ఉన్నచోట వదిలేసి, దూరంగా ఉన్నచోట బంధించారంటే అది భయంతో చేసిన లెక్క అని ఎలా ఒప్పుకోవాలి?

మా ఒరెగాన్ సంగతే చూడండి. విల్లమెట్‌కి గంట దూరంలో కోర్వాలిస్ ఉంది, ఒరెగాన్ స్టేట్ కాలేజీ ఊరు. ఆ ఏడాది వాళ్ళ జట్టు రోజ్ బౌల్‌కి ఎంపికైంది, కాలేజీ ఫుట్‌బాల్లో కాలిఫోర్నియాలో జరిగే పెద్ద మ్యాచ్ అది. పశ్చిమ తీరంలో జనం గుమిగూడటం ప్రమాదమని ఆ మ్యాచ్‌ని కాలిఫోర్నియా నుంచి తీసేసి నార్త్ కరోలినాలోని డర్హమ్‌కి మార్చారు. 1942 జనవరి 1న ఒరెగాన్ స్టేట్ 20-16తో డ్యూక్‌ని ఓడించింది. ఆ జట్టులో జాక్ యోషిహారా అనే ఆటగాడు ఉన్నాడు. చిన్నప్పుడే జపాన్ నుంచి వచ్చి పోర్ట్‌లాండ్‌లో పెరిగాడు. ప్రాక్టీసు జరుగుతుండగా ప్రభుత్వం మనుషులొచ్చి అతను ప్రయాణం చెయ్యకూడదన్నారు. జట్టు రైలెక్కి వెళ్ళిపోయింది. అతను ఆ మ్యాచ్‌ని రేడియోలో విన్నాడు. తర్వాత ఇడహోలోని మినిడోకా క్యాంపుకి పంపారు. 2008లో ఆ యూనివర్సిటీ అతనికి గౌరవ డిగ్రీ ఇచ్చింది. సేలం ఊరికి ఉత్తరాన లేక్ లాబిష్ అనే చోట సెలరీ పండించే జపనీస్ రైతు కుటుంబాలుండేవి. వాళ్ళని టూలే లేక్ క్యాంపుకి తీసుకెళ్ళారు. మేం సేలం వెళ్ళేటప్పుడు హైవే పక్కన ఆ నల్లమట్టి పొలాలు కనిపిస్తాయి. ఎన్నోసార్లు ఆ దారిన వెళ్ళాను, నాకు తెలియలేదు.

విల్లమెట్ పిల్లలు ఎలా తిరిగొచ్చారో కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు చేసినవాటిలో నాకు గర్వంగా అనిపించేది అదే. డిసెంబర్ 19న ప్రెసిడెంట్ కూలిడ్జ్ అనే ఓడ గాయపడ్డ సైనికులతో శాన్‌ఫ్రాన్సిస్కోకి బయల్దేరింది. వాళ్ళకి సేవ చేసే ఒప్పందం మీద జట్టుకి చోటిచ్చారు. కీన్ కుదిర్చిన ఏర్పాటు. ఒళ్ళంతా కాలినవాళ్ళకి అన్నం తినిపించడం, దుప్పట్లు మార్చడం, ఓడ మునిగితే ఎవరిని ఎవరు మోసుకెళ్ళాలో ముందే పంచుకోవడం. సబ్‌మెరైన్లకి దొరక్కుండా ఓడ వంకరటింకరగా తిరుగుతూ డిసెంబర్ 25న ఒడ్డు చేరింది. వాళ్ళని తీసుకెళ్ళిన లర్లీన్ దాడికి రెండు రోజుల ముందే హోనొలులూ వదిలేసింది. వెనక్కి తెచ్చిన కూలిడ్జ్ తర్వాతి అక్టోబర్‌లో పసిఫిక్‌లో సొంత దేశం పెట్టిన మైన్లకే తగిలి మునిగిపోయింది.

ఆ తర్వాత దాదాపు అందరూ సైన్యంలో చేరారు. ఒకడు పసిఫిక్‌లోని ఇవో జిమా దీవి పోరాటం నుంచి తిరిగి రాలేదు. టెడ్ ఓగ్డాల్ అనే ఆటగాడు తిరిగొచ్చి 1952 నుంచి 20 ఏళ్ళు అదే కాలేజీకి కోచ్‌గా పనిచేశాడు. యుద్ధం నడుస్తున్న కొద్దీ చిన్న కాలేజీల ఫుట్‌బాల్ ఆరిపోయింది. 1943కల్లా వందకు పైగా కాలేజీలు జట్లు ఎత్తేశాయి. ఆర్మీ తన ట్రైనింగ్‌లో ఉన్న విద్యార్థుల్ని ఆడనిచ్చేది కాదు, నేవీ ఆడనిచ్చేది. కాబట్టి నేవీ ట్రైనింగ్ ఉన్న కాలేజీలకి మంచి ఆటగాళ్ళు దొరికారు, మిగతావాళ్ళ మైదానాల్లో గడ్డి పెరిగింది. శాన్ హోసేతో పెట్టుకున్న ఆ రెండో మ్యాచ్ జరగనే లేదు. శాన్ హోసే ఆటగాళ్ళు హోనొలులూ పోలీసులకి సాయంగా దీపాలు ఆర్పించే డ్యూటీ చేశారు, కొందరు అక్కడే పోలీసుల్లో ఉండిపోయారు.

పెద్దాయనకి పోయిన సీజన్లో ఈ రెండో సగం చెప్పాను. గార్డు నుంచి ఇంటికి పంపించేసిన కుర్రాళ్ళ గురించి, పార ఇమ్మని అర్జీ పెట్టుకున్న 169 మంది గురించి. ఆయన చాలాసేపు మైదానం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదన్నాడు. వాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసున్నాయా అని అడిగాడు. ఆ తర్వాతి శుక్రవారం నేను పుస్తకం ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను.

మావాడికి నవంబర్‌లో 18 నిండాయి. ఈ దేశంలో 18 నిండిన మగపిల్లాడు సెలెక్టివ్ సర్వీస్‌లో పేరు నమోదు చేసుకోవాలి, పౌరుడైనా వలస వచ్చినవాడైనా. ఎప్పుడైనా యుద్ధమొచ్చి డ్రాఫ్టు పెడితే పిలవడానికి. సీజన్ ఆఖరి మ్యాచ్ అయిన మర్నాడు వాడు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో అది నింపుతున్నాడు. మోచేతి మీద గడ్డి గీసుకున్న గాయం ఇంకా పచ్చిగానే ఉంది. నేను పప్పు పొయ్యి మీద వదిలేసి వచ్చి వాడి వెనక నిలబడ్డాను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా.

"ఏం చూస్తున్నావమ్మా?" అన్నాడు.

ఏం లేదన్నాను. ఆ పేజీ పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివాను. మీ వాళ్ళు ఎక్కడినుంచి వచ్చారని అడిగే గడి అందులో లేదు.